కాగితాలన్నీ చూశాం, ఇల్లు ఒక్కటే చూడలేదు

శ్రావణ శుక్రవారం పొద్దున్నే దేవుడి గది గుమ్మానికి మామిడి తోరణం కడదామని ఒక చిన్న మేకు తీసుకున్నాను. పాత మేకు ఎప్పుడో ఊడిపోయింది. కొత్తది ఆనించి, సుత్తి ఎత్తేలోపే, బొటనవేలి ఒత్తిడికే సగం లోపలికి దిగిపోయింది. కర్రలోకి మేకు దిగుతుంటే చేతికి తెలుస్తుంది. ఇది అరటిపండులోకి దిగినట్టు దిగింది. వేలితో నొక్కి చూశాను. రంగు పొర చిట్లి వేలు లోపలికి పోయింది. లోపల కర్ర లేదు. ఎండిన మట్టి, ఆ మట్టిలో తెల్లగా కదులుతున్న పురుగులు. వంగి గడప మీద తట్టాను. అంతకు గంట ముందే కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టిన గడప అది. డొల్లగా మోగింది.

ఆ ఇంట్లోకి మేం దిగి అప్పటికి ఆరు నెలలు. మాఘమాసంలో గృహప్రవేశం చేశాం. గుంటూరులో కొరిటెపాడు వైపు, 14 ఏళ్ల నాటి డాబా ఇల్లు. కింద మూడు గదులు, పైన రెండు. మేమిద్దరం ఉద్యోగాలు చేసి కూడబెట్టింది, మా అత్తగారి ఊళ్లో అర ఎకరం అమ్మింది, పైన బ్యాంకు రుణం, అన్నీ కలిపి కొన్నాం. అంత కష్టపడి కొన్న ఇంట్లో చెదల సంగతి తెలియడానికి తోరణం కట్టే మేకు కావాల్సి వచ్చింది.

నేను బ్యాంకు ఉద్యోగిని. పదకొండేళ్లు గృహరుణాల సీట్లోనే కూర్చున్నాను. ఎంతోమంది ఇళ్ల కాగితాలు నా చేతుల మీదుగా వెళ్లాయి. అందుకే ఈ మాట చెప్పే బాధ్యత నాకు ఇంకాస్త ఎక్కువ ఉందనుకుంటాను. మన దగ్గర ఇల్లు కొనేవాళ్లు కాగితాలను చూసినంత శ్రద్ధగా ఇంటిని చూడరు. నేనూ చూడలేదు. ఆస్తి మీద తాకట్లూ లావాదేవీలూ ఏమున్నాయో చూపే ఈసీ ముప్పై ఏళ్లకు తీయించాను. లింకు డాక్యుమెంట్లు, అంటే ఆస్తి అంతకుముందు చేతులు మారిన దస్తావేజులు, ఒక్కొక్కటీ చదివాను. లాయరు చేత లీగల్ ఒపీనియన్ రాయించాను. ప్లాన్ అప్రూవల్, ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లు అన్నీ చూశాను. మా మామగారు వాస్తు సిద్ధాంతి గారిని తీసుకొచ్చారు. ఆయన దిక్సూచి పట్టుకుని అన్ని గదులూ తిరిగి, పొయ్యి గట్టు జరపమన్నారు, జరిపాం. వాస్తు చూపించుకోవడం తప్పని నేననను. కానీ ఆ ఇంటి గోడను తట్టి చూడటానికి, స్లాబు కింద నిలబడి తలెత్తి చూడటానికి, బాత్రూం వెనక గోడ మీద చెయ్యి ఆనించి చూడటానికి, పని తెలిసిన మనిషిని ఒక్కరినీ మేం పిలవలేదు. ఆ ఆలోచనే రాలేదు.

"బ్యాంకు ఇంజినీరు వచ్చి చూస్తాడు కదా" అని నా సీటు ముందు కూర్చుని చాలామంది అన్నారు. ఆయన దేనికి వస్తారో నాకు బాగా తెలుసు. హద్దులు కాగితం ప్రకారం ఉన్నాయా, కట్టడం ప్లానుకు సరిపోతుందా, ఆ వీధిలో గజం ఎంత నడుస్తోంది, ఇల్లు ఇంకా ఎన్నేళ్లు నిలబడుతుంది అన్నవి రాసుకుని, నాలుగు ఫోటోలు తీసుకుని వెళతారు. ఆ నివేదిక బ్యాంకు కోసం. అప్పు తీరకపోతే ఆ ఇల్లు అమ్మితే ఎంతొస్తుందో బ్యాంకుకు తెలియాలి. గుమాస్తాగా నాకు కావాల్సింది ఆ అంకె. రుణం తీసుకుని అందులో కాపురం చేయబోయే మనిషికి కావాల్సింది వేరే. ఆయన గుమ్మాలు తట్టరు, కుళాయిలన్నీ ఒకేసారి తిప్పి నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో చూడరు. అది ఆయన పని కాదు, ఆయన ఫీజులో లేదు. ఆ నివేదిక ఖర్చు మన జేబులోంచే పోతుంది కాబట్టి మన కోసమే చేశారనుకుంటాం.

ఆ శుక్రవారం పూజ ఎలాగో ముగించి, మధ్యాహ్నం వడ్రంగి మేస్త్రిని పిలిచాం. ఆయన స్క్రూడ్రైవర్ పిడితో గుమ్మాలన్నీ వరసగా తట్టుకుంటూ వెళ్లారు. వీధి గుమ్మం గట్టిగా మోగింది. అది చేవ ఉన్న టేకు. లోపలి నాలుగు గుమ్మాల్లో మూడు డొల్ల. "పైన పటారం, లోన లొటారం అమ్మా" అన్నారాయన బాధగా. వంటింటి గోడ అలమరా ఖాళీ చేయించి వెనక చెక్క ఊడదీస్తే, గోడ మీద పెన్సిలంత లావున మట్టి గొట్టాలు చెట్టు కొమ్మల్లా పాకి ఉన్నాయి. చెదపురుగు వెలుతురు, పొడిగాలి తట్టుకోలేదు. అందుకే మట్టితో సొరంగం కట్టుకుని, ఆ చెమ్మలోనే నడుస్తుంది. కర్రను లోపల్నుంచి తిని పైపొరను మాత్రం వదిలేస్తుంది. బయటికి రంగు నున్నగా కనిపిస్తూనే ఉంటుంది. ఇంగ్లీషువాళ్లు దీన్ని తెల్లచీమ అన్నారు కానీ చీమతో దీనికి చుట్టరికం లేదు, బొద్దింకకు దగ్గరి జాతి.

మర్నాడు చెదల మందు కొట్టేవాళ్లొచ్చారు. వాళ్లలో పెద్దాయన గదిలోకి అడుగు పెడుతూనే కిందకి చూసి ఆగిపోయారు. "ఈ ఇంటికి ముందొకసారి మందు కొట్టారండీ" అన్నారు. గోడకూ నేలకూ కలిసేచోట, స్కర్టింగ్ అంచునే, అడుగుకొకటి చొప్పున చిన్న చిన్న తెల్ల చుక్కలు. చిటికెన వేలు గోరంత ఒక్కోటి. వైట్ సిమెంటుతో పూడ్చిన రంధ్రాలు. కట్టిన ఇంటికి చెదల మందు పట్టించే పద్ధతి అదే. నేల అంచున 12 మిల్లీమీటర్ల బెజ్జాలు సుమారు 300 మిల్లీమీటర్లకొకటి వేసి, కింద మట్టిలోకి మందు ఎక్కించి, మళ్లీ మూసేస్తారు. భారత ప్రమాణాల సంస్థ చెదల నివారణకు పెట్టిన ప్రమాణం ఐఎస్ 6313 మూడో భాగంలో పాత ఇళ్ల చెదల చికిత్స ఉంది. రెండో భాగం కొత్తగా కట్టే ఇళ్లకు. పునాది గుంటల్లోనే, చదరపు మీటరుకు ఇన్ని లీటర్లని లెక్క కట్టి మందు పోయాలని అందులో ఉంటుంది.

ఆ చుక్కల్ని నేను ఇల్లు చూడటానికి వెళ్లిన మొదటి రోజే చూశాను. ఈ వ్యాసం మొత్తానికి నన్ను ఇప్పటికీ కుదురుగా ఉండనివ్వని విషయం అదే. హాల్లో కుర్చీ వేస్తే కూర్చుని, కాఫీ తాగుతూ, ఎదురుగా గోడ మొదట్లో వరసగా ఉన్న ఆ చుక్కల్ని చూసి టైల్స్ వేసేటప్పుడు ఏదో చేసి ఉంటారులే అనుకున్నాను. తెలిసినవాళ్లకు అవి అచ్చక్షరాల్లా కనిపిస్తాయి. ఈ ఇంట్లో చెద పట్టింది, మందు కొట్టారు, ఎప్పుడు కొట్టారో అడుగు అని. ఆ అక్షరాలు నాకు రావు. వచ్చినవాళ్లను వెంట తీసుకెళ్లాలన్న బుద్ధి పుట్టలేదు.

అమ్మినాయనకు తెలుసా? తెలియకుండా ఎలా ఉంటుంది, మందు కొట్టించింది ఆయనే కదా. కోర్టుకెళ్లమని ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చారు. ఆస్తి బదలాయింపు చట్టం, 1882 నాటిది, 55వ సెక్షన్ తీసి చదివాను. అమ్మేవాడికి తెలిసి, కొనేవాడికి తెలియని పెద్ద లోపం ఏదైనా ఉంటే చెప్పి తీరాలనే ఉంది అందులో. చెప్పకపోతే మోసం కిందే లెక్క అని కూడా ఉంది. కానీ అదే వాక్యంలో ఇంకో షరతు ఉంది. కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని లోపమై ఉండాలి. నేను చదవడం ఆపి నేల వంక చూశాను. కళ్లెదుట, నేల అంచున, గది చుట్టూ చుక్కలు. మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేకపోయానని ఏ నోటితో చెప్పను? కేసు వేయలేదు. ఆయన్ని నిందిస్తూ తిరగాలని కూడా లేదు. ఆయన అబద్ధం చెప్పలేదు. మేం అడగలేదు, ఆయన చెప్పలేదు.

కొత్త ఫ్లాటు కొనేవాళ్లకు ఈ విషయంలో కొంత ఆసరా ఉంది. 2016 నాటి రెరా, అంటే స్థిరాస్తి నియంత్రణ చట్టం, 14వ సెక్షన్ ప్రకారం, స్వాధీనం చేసిన అయిదేళ్లలోపు కట్టడంలోగానీ పనితనంలోగానీ లోపం బయటపడితే బిల్డరు 30 రోజుల్లో సొంత ఖర్చుతో బాగుచేయాలి. మాలా చేతులు మారిన పాత ఇల్లు కొంటే ఆ గొడుగు లేదు. మనుషులు నా దగ్గరికొచ్చి "రెరా ఉందిగా మేడం" అని ధీమాగా చెప్పినప్పుడల్లా ఈ తేడా వివరించేదాన్ని. నా ఇల్లు కొనేటప్పుడు దాని అర్థం నాకే తట్టలేదు.

మా చెల్లెలు, మరిదిగారు ఆస్ట్రేలియాలో, మెల్‌బోర్న్‌లో ఉంటారు. వాళ్లు ఇల్లు కొన్నప్పుడు "బిల్డింగ్ అండ్ పెస్ట్ అయ్యాక మాట్లాడదాం అక్కా" అని చెల్లెలు ఫోన్లో అంటే ఏదో ఆఫీసు తతంగం అనుకున్నాను. మా గుమ్మాలు పోయాక ఆ రిపోర్టు పంపించమని అడిగాను. యాభై పేజీల పైమాటే. ప్రతి గదికీ ఫోటోలు. ఇంటి పైకప్పు కిందికి దూరి తీసినవి, గోడ చెమ్మ మీటరుతో కొలిచినవి. గోడ బయట వేడినీళ్ల యంత్రం నుంచి కారే నీళ్లు అక్కడే మట్టిలోకి ఇంకుతున్నాయనీ, చెదలు అలాంటి చోటే వెతుక్కుంటాయనీ, పైపు దూరంగా మళ్లించమనీ ఒక పేజీలో ఉంది. వాళ్లు ఆ రిపోర్టు చేతికొచ్చాకే కొనే సంగతి ఖాయం చేశారు. అక్కడ కట్టడం తనిఖీకి ఒక ప్రమాణం, అచ్చంగా కర్రకు పట్టే పురుగుల తనిఖీకి ఇంకో ప్రమాణం ఉన్నాయి. ఒప్పందంలో "తనిఖీ సంతృప్తిగా ఉంటేనే" అనే షరతు రాసుకోవడం మామూలు. వేలంపాటలో కొంటే మాత్రం ఆ షరతు చెల్లదు కాబట్టి పాటకు ముందే చూపించుకుంటారు. రాజధాని కాన్‌బెరా ఉన్న ప్రాంతంలోనైతే ఇల్లు అమ్మేవాళ్లే ఈ రిపోర్టులు తీయించి కొనేవాళ్ల ముందు పెట్టాలని చట్టం. ఇంటి బీమా సాధారణంగా చెదల నష్టాన్ని ఇవ్వదు కాబట్టి అక్కడివాళ్లు ఈ విషయంలో ఒళ్లు దగ్గర పెట్టుకుంటారు.

అది డబ్బున్న దేశం, మనకెక్కడ కుదురుతుంది అంటారు. ఒక లెక్క చెబుతాను. మన రాష్ట్రంలో ఇల్లు రిజిస్ట్రేషన్‌కు స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, ఫీజు కలిపి నూటికి 7.5 పోతుంది. 60 లక్షల ఇంటికి నాలుగున్నర లక్షలు. బ్రోకరుకు మామూలుగా ఇచ్చేది వేరే. గృహప్రవేశం భోజనాల ఖర్చు వేరే. మా గుమ్మాలు, అలమరాలు, మందు, బాత్రూం నేల తవ్వి మళ్లీ వేయడం అన్నీ కలిపి మాకైంది 4 లక్షల 60 వేలు. ఆ తర్వాత మా పెద్దమ్మగారి అబ్బాయి ఇల్లు కొనేటప్పుడు ఒక రిటైరైన ఇంజినీరు గారిని, మా వడ్రంగి మేస్త్రిని వెంటబెట్టుకుని ఒక పూటంతా చూపించాం. ఇద్దరికీ కలిపి 8 వేలు ఇచ్చాం. ఖర్చుకు జంకి ఎవరూ ఈ పని మానడం లేదు. అడగడానికి మొహమాటం, అంతే.

ఆ మొహమాటం గురించి కాస్త మాట్లాడుకోవాలి. ఇల్లు చూడటానికి వెళితే మనల్ని చుట్టాల్లా కూర్చోబెడతారు. కాఫీ ఇస్తారు, పిల్లల చదువులడుగుతారు, ఏ ఊరివాళ్లని ఆరా తీసి ఎక్కడో ఒక బంధుత్వం కలుపుతారు. అలాంటి ఇంట్లో లేచి గుమ్మం తట్టి చూడటమంటే పెళ్లిచూపుల్లో పిల్ల పళ్లు లెక్కపెట్టినంత పాపంగా అనిపిస్తుంది. "మామీద నమ్మకం లేదా" అనే మాట వాళ్లు అనకముందే మన చెవిలో మోగుతుంది. మధ్యలో బ్రోకరు "రేపు ఇంకొకరు బయానా ఇవ్వడానికి వస్తున్నారు" అంటాడు. మంచిరోజు దాటిపోతుందని ఇంట్లో పెద్దవాళ్లు తొందరపెడతారు. ఆ సాయంత్రమే లక్ష రూపాయలు చేతిలో పెట్టి వచ్చేస్తాం. బయానా ఇచ్చాక ఏ లోపం కనిపించినా ఆ లక్ష మన నోరు నొక్కేస్తుంది. అందుకే ఈ తనిఖీ బయానాకు ముందే జరగాలి. తర్వాత చేసేది ఓదార్పుకే.

ఆ రిటైర్డు ఇంజినీరు గారు ఇల్లు చూసిన తీరు నా కళ్లలో ఉండిపోయింది. ముందు లోపలికే వెళ్లలేదు. ఇంటి చుట్టూ తిరిగారు. వాన నీళ్లు గోడ దగ్గరికి వస్తున్నాయా, బయటికి పోతున్నాయా అని నేల వాలు చూశారు. తర్వాత మెట్లెక్కి డాబా మీదికి. పిట్టగోడ, స్లాబు కలిసేచోట నాచు పట్టిందేమో చూశారు. అప్పుడు గదుల్లోకి. స్లాబు కింద ఒకచోట కొత్తగా పూత పూసినట్టుంటే కర్రతో తట్టి, లోపల కమ్మీలు తుప్పు పట్టి పెచ్చులూడిపోతే పైన సిమెంటు మెత్తి మూసేశారని చెప్పారు. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికే కాంక్రీటు పెచ్చులుగా రాలుతుంది. పైన మెత్తితే తుప్పు ఆగదు.

కిటికీ మూల నుంచి ఏటవాలుగా పైకి పోయిన ఒక పగులు దగ్గర ఆయన చాలాసేపు నిలబడ్డారు. దానికి లప్పం పెట్టి రంగేశారు, అయినా వెంట్రుక గీతలా మళ్లీ తేలింది. మాది నల్లరేగడి నేల. వానకు ఉబ్బుతుంది, వేసవికి ఎండి చెయ్యి పట్టేంత నెర్రెలిస్తుంది. పునాది లోతుకు దించకపోతే ఇల్లు ఆ నేలతో పాటే ఏటా లేచి కూర్చుంటుంది. ఇలాంటి నేలకనే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అడుగున గంటలా విచ్చుకున్న పైల్స్, అంటే నేల లోతుకు దించే కాంక్రీటు స్తంభాల, పద్ధతిని రూపొందించింది. ప్లాస్టరు మీద అడ్డదిడ్డంగా కనిపించే సన్న గీతలకు భయపడక్కర్లేదనీ, కిటికీ, తలుపు మూలల్నుంచి మెట్లు మెట్లుగా పోయే పగుళ్లే నేల కదలికకు గుర్తనీ ఆయన చెప్పారు. పగులుకు అడ్డంగా చిన్న గాజు పట్టీ అతికించి, పక్కన పెన్సిలుతో తేదీ వేశారు. ఇల్లుగలవాళ్ల అనుమతితోనే. ఇల్లు కదులుతుంటే గాజు పగులుతుంది. వేసవి దాకా ఆగగలిగితే ఆగి కొనమన్నారు. మా వాళ్లు ఆగలేదు, వేరే ఇల్లు చూసుకున్నారు.

చెదల మందు కొట్టేవాళ్లు "తనిఖీ ఉచితం" అంటారు. ఆ ఉచితాన్ని నేను ఒప్పుకోను. చూసి చెప్పేవాడూ మందు అమ్మేవాడూ ఒకడే అయితే, లేని చెద కూడా కనిపించవచ్చు. అలాగే బ్రోకరు తెచ్చిన ఇంజినీరుకు ఉన్న చెద కనిపించకపోవచ్చు. చూసే మనిషికి కొనేవాళ్లే డబ్బివ్వాలి, ఆ బేరం కుదిరినా కుదరకపోయినా ఆయన ఫీజు ఆయనకు రావాలి. మన దగ్గర ఈ పనికి లైసెన్సు లేదు, ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. అందుకే నోటిమాట కాకుండా, ఫోటోలతో రాసి, సంతకం పెట్టి ఇమ్మని అడగాలి. సంతకం పెట్టాల్సి వచ్చినప్పుడు మనిషి ఇంకోసారి వంగి చూస్తాడు. ఇంత చేసినా అన్నీ బయటపడవు. గోడ పగలగొట్టి చూడరు, బీరువాలు జరపడానికి ఇల్లుగలవాళ్లు ఒప్పుకోకపోవచ్చు. ఏ గది చూడలేకపోయారో అది కూడా రిపోర్టులో ఉండాలి. చూడనివ్వని గది గురించే ఎక్కువ అడగాలి.

ఇప్పటికే సొంతిల్లు ఉన్నవాళ్లు ఈ మాటలు తమకు కాదనుకోకండి. మా ఇంట్లో చెద ఎక్కడ మొదలైందో తవ్వితే తేలింది. బాత్రూంలో నేల మీది నీళ్లు పోయే నహానీ ట్రాప్ దగ్గర ఏళ్ల తరబడి నీళ్లు కింద మట్టిలోకి కారుతున్నాయి. ఆ మట్టిలోనే, ఇల్లు కట్టినప్పుడు వదిలేసిన సెంట్రింగ్ చెక్క ముక్కలు ఉన్నాయి. చెమ్మ, మట్టి, కర్ర మూడూ ఒకచోట దొరికాయి. పాత యజమాని మందైతే కొట్టించారు, కారే నీళ్లను ఆపలేదు. ఏటా మృగశిర చినుకులు పడగానే సాయంత్రం దీపాల చుట్టూ ఉసిళ్లు లేస్తాయి కదా, అవి రెక్కలొచ్చిన చెదలే. బయట్నుంచి వచ్చినవైతే సరే. ఇంటి లోపల, మూసిన కిటికీ గట్టు మీదో అలమరా అడుగునో రాలిన రెక్కలు కుప్పగా కనిపిస్తే మాత్రం పుట్ట మన ఇంట్లోనే ఉన్నట్టు. అపార్ట్‌మెంట్లో పై అంతస్తు అని ధీమా వద్దు, పైపులు వెళ్లే సందుల్లోంచి పైదాకా పాకుతాయి. ప్లైవుడ్ కింద మెత్తటి పిండి రాలుతుంటే అది వేరే పురుగు, చెద మట్టిని వదులుతుంది. నేను ఏటా ఉగాది దులుపుడు అప్పుడు అలమరాలన్నీ ముందుకు జరిపించి, టార్చి వేసి, గుమ్మాలన్నీ తట్టి చూస్తున్నాను. మా ఆయన ఇప్పుడు ఎవరింటికెళ్లినా ముందు నేల అంచులే చూస్తారు.

మొన్న దసరాకు ముందు మా బ్రాంచిలో పనిచేసే అమ్మాయి ఇల్లు చూసుకుంది. అగ్రిమెంట్లో ఒక వాక్యం రాయించమన్నాను. "కొనువారు తమ ఖర్చుతో, తాము ఎంచుకున్న వ్యక్తి చేత ఇంటి కట్టడమునకు, చెదలకు సంబంధించిన తనిఖీ చేయించుకొనుటకు అమ్మువారు పది రోజులు గడువిచ్చుటకు, పెద్ద లోపములు బయటపడినచో బయానా మొత్తము తిరిగి చెల్లించుటకు అంగీకరించినారు." బయానాకు ముందే చూపించుకోవడానికి వాళ్లకు వీలు పడలేదు, అందుకని ఈ దారి. బ్రోకరు ఇలాంటిది ఎక్కడా చూడలేదన్నాడు, అమ్మేవాళ్లకు కోపం వస్తుందన్నాడు. ఆ పిల్ల బెదిరిపోయి నాకు ఫోన్ చేసింది. బ్రోకరు చేత కాదు, నువ్వే వెళ్లి పెద్దావిడకు చదివి వినిపించమ్మా అన్నాను.

ఇల్లుగలావిడ రిటైరైన టీచరట. కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, "వెనక బాత్రూం పైపు రెండేళ్ల కింద పగిలితే మార్పించాం, ఆ గోడ ఇంకా చెమ్మగానే ఉంటుంది. మీ ఇంజినీరు వచ్చినప్పుడు ముందు అక్కడ చూడమనమ్మా" అన్నారట.